ఆడుకోని బొమ్మకే ఎక్కువ ధర ఎందుకు?



ఈసారి ఒక రేకు బొమ్మ గురించి మాట్లాడుకుందాం. ధమ్మానికీ బొమ్మకీ సంబంధం ఏమిటని పక్కన పెట్టేయకండి. మనిషి దేన్ని పట్టుకుని వదలలేకపోతున్నాడో చూస్తే, అతని దుఃఖం ఎక్కడుందో తెలుస్తుంది. ఎదిగిన మనుషులు లక్షలు పోసి చిన్నప్పటి బొమ్మలు కొంటున్నారంటే, అక్కడ మనం నేర్చుకోవాల్సింది ఏదో ఉన్నట్టే.

ముందు ఆ బొమ్మ కథ వినండి. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాల మీద అణుబాంబులు పడ్డాయి. యుద్ధం ముగిసింది. జపాన్‌లో తిండి లేదు, పని లేదు, బొమ్మలు చేయడానికి రేకు కూడా లేదు. ఆ డిసెంబరులోనే ఓట్సు అనే ఊళ్లో కొసుగె మత్సుజో అనే ఆయన, అమెరికా సైనికులు తిని పారేసిన డబ్బాల రేకు తీసుకుని చిన్న జీపు బొమ్మ చేశాడు. దాన్ని క్యోటోలో 10 యెన్లకు అమ్మకానికి పెట్టారు. జనం ఎగబడి కొన్నారు. తమను ఓడించిన సైన్యం తిరిగే జీపునే, ఆ సైన్యం పారేసిన డబ్బాలతో చేసి, తమ పిల్లల చేతిలో పెట్టారన్నమాట.

తర్వాత బొమ్మల ఎగుమతికి అనుమతి వచ్చింది. వాటి మీద 'ఆక్రమిత జపాన్‌లో తయారైనది' అని ముద్ర వేసి పంపేవారు. 1952లో ఆక్రమణ ముగిసింది. ఆ దశాబ్దంలోనే కీ ఇస్తే నడిచేవి, బ్యాటరీతో కళ్లు వెలిగేవి, ఛాతీలో చక్రాలు తిరిగేవి ఎన్నో రేకు రోబోలు వచ్చాయి. టోక్యోలోని చిన్న చిన్న షెడ్లలో రేకు కోసి, వంచి, అతికేవారు. కొంత పని ఇళ్లకు వెళ్లేది, ఆడవాళ్లు కూలికి చేసేవారు. తయారైన బొమ్మల్లో ఎక్కువ భాగం ఓడలెక్కి అమెరికా పోయేది. చేసినవారి పిల్లలకు అవి దక్కడం అరుదు.

ఆ రోజుల్లో వచ్చిన ఒక రోబో పేరు 'అటామిక్ రోబో మ్యాన్'. దాని అట్టపెట్టె మీద బొమ్మ చూస్తే ఒక్క క్షణం మాట రాదు. రోబో నడుస్తూ ఉంటుంది, వెనక అణుబాంబు పేలిన పొగ పుట్టగొడుగులా లేస్తూ ఉంటుంది. ఆ బాంబు పడిన దేశంలో, పడిన కొద్ది ఏళ్లకే చేసిన బొమ్మ అది. ఇవాళ కలెక్టర్లు ఆ పెట్టె కోసం వెతుకుతారు.

మరీ ఎక్కువగా వెతికేది మసుదాయ కంపెనీ చేసిన ఐదు రోబోల కోసం. వాటిని 'గ్యాంగ్ ఆఫ్ ఫైవ్' అంటారు. ఒక్కొక్కటి దాదాపు 15 అంగుళాల ఎత్తు. కాళ్లు విడివిడిగా ఉండవు, ఒళ్లు కిందికి లంగాలా వెడల్పవుతుంది. వాటిలో 'మెషీన్ మ్యాన్' అనేది చాలా కొద్దిగా మిగిలింది. అది వేలంలో పదుల వేల డాలర్లు పలికింది. 1956లో వచ్చిన 'ఫర్బిడెన్ ప్లానెట్' సినిమాలో రాబీ అనే రోబో ఉంటుంది. మనిషి లోపల దూరి నడిపించిన ఆ అసలు వేషాన్ని, దాని బండితో సహా, 2017లో న్యూయార్క్‌లో వేలం వేస్తే 53 లక్షల 75 వేల డాలర్లు వచ్చాయి. మన లెక్కలో 30 కోట్ల రూపాయలకు పైనే!

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఒకే రకం రోబోలు రెండు ఉన్నాయనుకుందాం. మొదటి దానితో ఒక పిల్లవాడు రోజూ ఆడుకున్నాడు. పక్కలో పెట్టుకుని పడుకున్నాడు, చెల్లితో పోట్లాడాడు, తలమీది యాంటెనా విరగ్గొట్టాడు, రంగు పోయేదాకా చేతుల్లో తిప్పాడు. రెండోది ఏ కారణం చేతనో పెట్టెలోంచి బయటికే రాలేదు. బజారులో దేనికి ధర ఎక్కువ? రెండోదానికే, అదీ ఎన్నో రెట్లు. ఖాళీ అట్టపెట్టెకు కూడా విడిగా ధర ఉంది, అందుకే దొంగ పెట్టెలు ముద్రించేవాళ్లూ ఉన్నారు.

అంటే ఏమిటి? పిల్లవాడు ప్రేమించిన బొమ్మ చౌక. ఎవరూ ప్రేమించని బొమ్మ ఖరీదు. బాల్యం గుర్తుకొస్తుందని కొంటున్నామంటారు, కానీ బాల్యం తాకిన గుర్తు ఏమాత్రం ఉన్నా ధర తగ్గిస్తారు! కొనేది బాల్యాన్ని కాదు మిత్రులారా. అసలు పాతబడనిది, అరగనిది, చావనిది ఒకటి తన దగ్గర ఉందన్న ధైర్యాన్ని కొంటున్నారు. అనిత్యాన్ని డబ్బిచ్చి ఆపాలని చూస్తున్నారు. అది జరిగే పని కాదు. పెట్టెలో ఉన్నా రేకు తుప్పు పడుతుంది, లోపల బ్యాటరీ మరిచిపోతే కారిపోతుంది.

సంయుత్త నికాయంలో రాధుడనే భిక్షువుకు బుద్ధ భగవానుడు ఒక పోలిక చెప్పాడు. పిల్లలు మట్టితో చిన్న ఇళ్లు కట్టుకుని ఆడుకుంటారు. మనం పిచ్చుక గూళ్లు అంటాం, అలాంటివే. వాటి మీద ఇష్టం ఉన్నంతసేపూ ఇది నాది అంటారు. ఇష్టం తీరాక తామే చేత్తో, కాలితో చెరిపేసి లేచిపోతారు. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే ఐదింటి మీద తృష్ణను కూడా అలాగే వదలమన్నాడు.

ఆ పోలికలో ఆట తప్పని లేదు, చూడండి. పిల్లవాడు మనసారా ఆడతాడు, పొద్దు గుంకాక ఇంటికి పోతాడు. అరవై ఏళ్లొచ్చినా ఆ గూటి దగ్గరే కాపలా కూర్చోవడంలో ఉంది దుఃఖం.

అయితే దాచుకోవడమే తప్పా? కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ కూడా వస్తువులు పోగుచేశారు. వేల పుస్తకాలు పోగుచేసి, వాటి కోసమే ముంబైలోని దాదర్‌లో రాజగృహ అనే ఇల్లు కట్టుకున్నారు. ఆ పుస్తకాలు ఆయన చేతిలో నలిగాయి, కొత్తగా మిగిలిపోవాలని ఆయన చూడలేదు. యోకొహామాలో కితహారా తెరుహిసా అనే కలెక్టర్ 1986లో రేకు బొమ్మల మ్యూజియం తెరిచి తన బొమ్మలు అందరికీ చూపించాడు. కాబట్టి ప్రశ్న ఎంత పోగుచేశావని కాదు. అది నలుగురి వైపు తెరుచుకుందా, లేక నీ చుట్టూ గోడ అయ్యిందా అని.

ఇక 'ఆ రోజులే వేరు' అనే మాట సంగతి. అమెరికాలో ఒక ముసలాయన ఆ రోబోను చూసి కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఆయన్ని ఎగతాళి చేయొద్దు. ఆయనకు కావలసింది రేకు కాదు, భయం తెలియని ఒక సాయంత్రం, వంటింట్లోంచి పిలిచే అమ్మ గొంతు. మనం కరుణతోనే చూడాలి. కానీ అదే రోజుల్లో టోక్యోలో రేకు అంచులకు వేళ్లు కోసుకున్న తల్లికి ఆ రోజులు ఎలాంటివి? కలెక్టర్లు కంపెనీ ముద్రను భూతద్దం పెట్టి గుర్తుపడతారు. అతికిన చేతుల పేరు ఏ ముద్రలోనూ లేదు.

మనకు ఇది కొత్త కాదు. 'మా ఊరు, మా అరుగులు, మా చెరువు గట్టు' అని ఎవరో మురిసిపోతుంటే మన అమ్మమ్మలు మౌనంగా ఉంటారు. ఆ అరుగు ఎక్కే హక్కు వాళ్లకు లేదు కనుక. 1948లో రాజ్యాంగ సభలో పల్లెను పొగిడే మాటలను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. గతాన్ని మొత్తంగా చూడమన్నారు. ధమ్మం చెప్పేదీ అదే. ఏదీ ఒంటరిగా పుట్టదు, కారణాలు చూడు అంటుంది. బొమ్మను చూసినప్పుడు దాని వెనకున్న డబ్బా రేకు, బాంబు, కూలి చేతులు కూడా కనిపిస్తే అది సరైన జ్ఞాపకం. మెరుపు ఒక్కటే కనిపిస్తే అది తృష్ణ.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మనలో చాలామందికి కొన్న బొమ్మ తెలియదు. తాటికాయ బుర్రలతో బండి చేసుకున్నాం, పాత సైకిల్ టైరు దొర్లించాం. అందుకే నాలుగు రూపాయలు రాగానే 'నాకు లేనివన్నీ నా బిడ్డకు ఉండాలి' అనుకుంటాం. అది ప్రేమే. కానీ తర్వాత ఏం చేస్తాం? బ్యాటరీ రోబో కొంటాం, ఒక్క రోజు ఆడనిస్తాం, 'పాడైపోద్ది, ముట్టుకోకు' అని హాల్లో షోకేసులో పెట్టి తలుపేస్తాం. వచ్చినవాళ్లు చూస్తారు. బిడ్డ అద్దం బయట నిలబడుతుంది. వేల డాలర్ల కలెక్టర్‌కీ మనకీ తేడా ఏముంది చెప్పండి? ఆ బొమ్మ బిడ్డ కోసం కొన్నామా, మనలో ఇంకా అలిగి కూర్చున్న పాత పిల్లవాడి కోసం కొన్నామా?

ఈ ఆదివారం విహారం నుంచి ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. షోకేసు తలుపు తీయండి. ఆ బొమ్మ తీసి బిడ్డ చేతికివ్వండి. విరిగితే విరగనివ్వండి. విరిగినప్పుడు మీ మనసులో ఏం లేచిందో కాసేపు ఊపిరి గమనిస్తూ చూసుకోండి. కోపమా, డబ్బు లెక్కా, చిన్నప్పటి లోటా? ఏది లేచినా తోసెయ్యకండి, పట్టుకోకండి, చూడండి. ఆ తర్వాత మీ టైరు కథ, తాటికాయ బండి కథ బిడ్డకు చెప్పండి. కష్టాన్ని దాచకుండా, తీపిని పెంచకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వేలంలో దొరకనిది మీ బిడ్డకు మీరు ఇవ్వగలిగింది అదే.

జై భీమ్! నమో బుద్ధాయ!