గుహలోని పాట

ధ్యానభాగము: 1 రాజులు 19:1–18



దుఃఖములో నున్నవాని యింటికి పోయినప్పుడు మనము సాధారణముగా చేయునది యేమి? ఒక వాక్యము చదువుదుము, ఒక కీర్తన పాడుదుము, చిన్న ప్రార్థన చేయుదుము, ధైర్యముగా నుండుమని చెప్పి లేచి వచ్చెదము. ముప్పది సంవత్సరములుగా సంఘసేవలో నేనును ఆలాగే చేయుచు వచ్చితిని. అందులో ఒక లోపమున్నదని నాకు తెలియజేసినవి, అమెరికా దేశపు యువకుడొకడు మంచులో ఒంటరిగా కూర్చుండి పాడిన తొమ్మిది పాటలు. ఇది విని మీలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. కనుక జరిగినది జరిగినట్లు చెప్పెదను.

గడచిన క్రిస్మసుకు మా అన్నగారి కుమారుడు హైదరాబాదునుండి ఇంటికి వచ్చెను. అతడు ప్రేమించిన అమ్మాయితోనే సంబంధము కుదిరి, ఇరుపక్షముల పెద్దలును మాటలాడుకొని, ప్రధానము జరుగవలసియుండగా ఆ అమ్మాయి మనసు మార్చుకొనెను. తప్పెవరిదని నేను విచారింపను. కుర్రవాడు మాత్రము లోపల చితికిపోయెను. ఇంటినిండ చుట్టములు, వంటయింట పిండివంటలు, వసారాలో నక్షత్రపు దీపము; అతడు మాత్రము డాబామీద దుప్పటి కప్పుకొని, చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కూర్చుండెను. మా వదినగారు నాయొద్దకు వచ్చి, "మీరైనా చెప్పండి మరిదిగారూ. వాడు అన్నం సరిగా తినడం లేదు. ఎప్పుడు చూసినా ఆ ఏడుపు పాటలే" అని కన్నీరు పెట్టుకొనెను.

నేను డాబా యెక్కి నాకు తెలిసిన మాటలే చెప్పితిని. "ఆ లోకపు పాటలు కట్టిపెట్టరా. రాత్రికి క్యారల్స్‌కి రా. అందరితో కలిసి సంతోషంగా నాలుగు పాటలు పాడితే బరువు దిగిపోతుంది" అంటిని.

అతడు కోపపడలేదు. తలయెత్తి, "బాబాయ్, ఆరు నెలల నుంచి మీరు ఫోన్ చేసి నాకు చెబుతూనే ఉన్నారు. ఏం జరిగిందిరా అని ఒక్కసారి కూడా అడగలేదు" అనెను.

ప్రియులారా, అది నిజము. ఆరు నెలలలో ఎన్నియో వాక్యములు చెప్పితిని గాని ఒక్క ప్రశ్నయు అడుగలేదు. నాకు నోట మాట రాలేదు. అప్పుడతడు ఒక ఇయర్‌ఫోను తీసి నా చేతికిచ్చి, "మాటలు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఒక్క పాట వినండి" అనెను. నేను ప్రక్కన కూర్చుంటిని. ఒక పాట యని కూర్చున్నవాడను తొమ్మిదియు వింటిని. అన్నియు కలిసి ముప్పదియేడు నిమిషములు.

ఆ పాటల చరిత్ర అతడే నాకు చెప్పెను. ఆ ఆల్బము పేరు 'ఫర్ ఎమ్మా, ఫరెవర్ అగో'. పెద్ద కంపెనీల చేతిక్రింద లేక స్వంతముగా పాటలు కట్టుకొను ఇటువంటివారి జానపద బాణీని వారు ఇండీ ఫోక్ అందురు. దీనిని పాడిన జస్టిన్ వెర్నన్ అనువాడు ఉత్తర అమెరికాలో గొప్ప సరస్సుల ప్రక్కనున్న విస్కాన్సిన్ రాష్ట్రపువాడు. స్నేహితులతో కలిసి దూరమున నున్న నార్త్ కరోలినాకు పోయి సంగీతబృందముగా నుండెను. 2006లో ఆ బృందము విడిపోయెను. ప్రేమించిన స్త్రీతో బంధమును తెగిపోయెను. దానిపైన కాలేయమును పట్టిన జబ్బు. అప్పటికతనికి ఇరువదియైదేండ్లు. అన్నియు పోగొట్టుకొని అతడు స్వస్థలమునకు తిరిగివచ్చి, అడవిలో తన తండ్రికున్న వేటగుడిసెలో చేరి, ఆ చలికాలము సుమారు మూడు నెలలు ఒంటరిగా నుండెను. అక్కడ చెరువులు గడ్డకట్టి మనుష్యులు వాటిమీద నడచునంత చలి. కట్టెలు కొట్టుకొనుచు, వేటాడిన జింక మాంసము వండుకొనుచు, తనయొద్దనున్న కొద్దిపాటి సామానుతో పాటలు రికార్డు చేసికొనెను. ఆల్బము చేయవలెనని అతడు అక్కడికి పోలేదు. 2007లో తానే కొన్నివందల ప్రతులు వేయించెను. 2008లో ఒక చిన్న కంపెనీ దానిని మరల విడుదల చేసెను. అతడు పెట్టుకొనిన బాన్ ఈవేర్ అను పేరు, మంచి చలికాలము అను అర్థముగల ఫ్రెంచి మాటనుండి వచ్చినది.

ఇది వినుచుండగా నాకు మరియొక మనుష్యుడు జ్ఞాపకమునకు వచ్చెను. అతడును సమస్తమును కోల్పోయితినని తలంచి, మనుష్యులను విడిచి, అరణ్యములోనికి పోయి, గుహలో దాగెను. ఏలీయా ప్రవక్త గూర్చియే చెప్పుచున్నాను. గుహలో నున్న ఆ భక్తునియెడల దేవుడు నడుచుకొనిన విధమునుండి మూడు సంగతులను మనము నేర్చుకొందము.

మొదటిది, దేవుడు ముందు వాని శరీరమును ఎరిగెను. ఏలీయా చెట్టుక్రింద పడి, ఇక చాలును, చావు వచ్చిన బాగుండునని కోరుకొనెను. అప్పుడు వచ్చిన దూత ప్రసంగము చేయలేదు. విశ్వాసము లేనివాడవని గద్దింపలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టెయు నీళ్లును తలయొద్ద పెట్టి, లేచి తినుమనెను. తిని మరల పండుకొనగా పండుకొననిచ్చెను. రెండవమారు తట్టి లేపి, మరల తినుమనెను. కొండవరకు నడచుటకు బలమునిచ్చినది ఆ రొట్టెయే.

సామెతల గ్రంథము ఇరువదియైదవ అధ్యాయము ఇరువదియవ వచనమును మీ ఇండ్లలో తీసి చదువుడి. మనసు బరువెక్కినవాని యెదుట పాటలు పాడుట, చలి కొరుకుచున్న దినమున వాని ఒంటిమీది బట్టను లాగివేయుటవంటిదని అక్కడ మనకు బోధింపబడినది. డాబామీద దుప్పటి కప్పుకొని కూర్చున్న పిల్లవాని చూచి నేను చేసినది అదియే గదా! నా పాటలు మంచివే. వేళ మంచిది కాదు. మంచిపాటయు వేళ తప్పినయెడల చలిగాలి యగును. విచారముగల ఆ పాటలు అతనిని చెరుపుచున్నవని నేను తలంచితిని. అవి ఆ వేళకు అతని దుప్పటియని నాకు తెలియకపోయెను.

రెండవది, దేవుడు ప్రశ్న అడిగెను, అడిగి వినెను. హోరేబు గుహలో నున్న ఏలీయాను, నీకిక్కడ ఏమి పని యని ప్రభువు అడిగెను. ఆయనకు తెలియక అడిగెనా? కాదు. చెప్పుకొనుటకు వానికి త్రోవ ఇచ్చెను. ఏలీయా తన గోడంతయు వెళ్లబోసెను. పిమ్మట గాలి వచ్చెను, భూకంపము వచ్చెను, అగ్ని వచ్చెను, వాటన్నిటి తరువాత మెల్లని స్వరము వినబడెను. ఆ స్వరము మరల అదే ప్రశ్న అడిగెను. ఏలీయా చెప్పిన జవాబేమి? పదియవ వచనమును పదునాలుగవ వచనమును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. మొదట చెప్పిన మాటలే! ఇంత మహాదర్శనము తరువాతయు అదే గోడు, అదే పాట. ఇది ఇంతకుముందే చెప్పితివి గదా యని ప్రభువు విసుగుకొనలేదు. రెండవమారును ఓపికతో వినెను.

మనము ఎంత త్వరగా విసుగుదుము! భర్తను పోగొట్టుకొనిన సహోదరి ఆ మరణదినపు సంగతినే మరల మరల చెప్పును. అత్తవారింటనుండి తిరిగివచ్చిన బిడ్డ అదే మాట తలంచుకొని ఏడ్చును. పంట పోయిన రైతు అదే వాన, అదే అప్పు చెప్పును. ఎన్నిసార్లు చెబుతావు, మరచిపో అందుము. మా పిల్లవాడు ఆ తొమ్మిది పాటలనే ఆరు నెలలుగా ఎందుకు వినుచుండెనో నాకప్పుడు బోధపడెను. అతని దుఃఖమును మరల మరల వినుటకు మనుష్యులెవరును దొరకలేదు. పాటయైతే ఎన్నిసార్లు పెట్టినను విసుగుకొనదు.

ఆ పాటలు కట్టిన విధమును గూర్చి అతడు చెప్పిన మరియొక మాట నన్ను తాకెను. వెర్నన్ మొదట మాటలు లేకుండనే రాగము తీసి రికార్డు చేసికొని, దానిని మరల మరల వినుచు, ఆ ధ్వనులకు తగిన మాటలను పిమ్మట కూర్చెనట. మాటకంటె ముందు మూలుగు! రోమీయులకు వ్రాసిన పత్రిక ఎనిమిదవ అధ్యాయములో అపొస్తలుడు చెప్పినది మీకు జ్ఞాపకమున్నది గదా. ఎట్లు ప్రార్థింపవలెనో మనకు తెలియనప్పుడు మాటలకందని మూలుగులతో పరిశుద్ధాత్మ మన పక్షమున వేడుకొనును. ఆ పాటలు ప్రార్థనలని నేను చెప్పుటలేదు. కాని మాటలు దొరకని దుఃఖమొకటి కలదనియు, అట్టి దుఃఖములో నున్నవానిని, ప్రార్థన చేయలేకున్నావేమని గద్దింపరాదనియు గ్రహించితిని. ఎనుబదియెనిమిదవ కీర్తనను చూడుడి. చివరి మాటవరకు చీకటియే. అయినను దానిని మన గ్రంథములోనుండి ఎవరును తీసివేయలేదు. ఆ భక్తుడు చీకటిలోనుండియు దేవునితోనే మాటలాడెను గనుక అదియు ప్రార్థనయే.

మూడవది, దేవుడు గుహను వాని నివాసముగా చేయలేదు. విన్న తరువాత, వాడు బలము తెచ్చుకొనిన తరువాత, వచ్చిన త్రోవను తిరిగి వెళ్లుమనెను. చేయుటకు పని ఇచ్చెను. ఎలీషా అను తోడును చూపెను. నేనొక్కడనే మిగిలితిననిన వానికి, బయలుకు మోకాలు వంచనివారు ఏడువేలమంది యున్నారని తెలియజేసెను.

ఆ ఆల్బములో మొట్టమొదట నా చెవికి తోచినది, ఇది గుంపుగా పాడిన పాటయని. పైస్థాయిలో, స్త్రీ కంఠమువలె సన్నని గొంతులు అనేకము కలిసి వచ్చుచున్నవి. "ఈ క్వయరు ఎవరిదిరా?" అని అడిగితిని. "క్వయరు లేదు బాబాయ్, అంతా ఒక్కడే. తన గొంతు మీద తనే మళ్లీ మళ్లీ పాడి కలుపుకున్నాడు" అనెను. ఆ మాట నన్ను గ్రుచ్చెను. తోడుపాడువారు లేక ఒక మనుష్యుడు తన గొంతుతోనే తనకొక గాయకబృందమును చేసికొనెను! మన సంఘములలో ఎందరు ఆలాగున్నారు? ఆదివారము నిండిన మందిరములో కూర్చుండియు, లోపల ఒంటరిగా తమ గోడును తామే పాడుకొని తామే వినువారు ఎందరు?

అయితే ఎనిమిదవ పాటలో ఇతరులు ఊదిన బూరలు వినబడెను. అవి గుడిసె విడిచిన తరువాత చేర్చబడినవి. పిమ్మట వెర్నన్ ఇతర వాద్యకారులతో కలిసి ఊరూర ఆ పాటలు పాడెను. అందులో ఒక పాట వచ్చినప్పుడు వినవచ్చినవారినందరిని తనతో కలిసి పాడుమని అడుగుచుండెడివాడు. మంచులో ఒక్కడు పాడుకొనినది వందలమంది నోట పలికెను. గుడిసె అతనికి మేలు చేసెను. గుడిసెలోనే ఉండిపోయిన మేలు కలుగకపోవును.

పాట దుఃఖమునకు రూపమియ్యగలదు గాని కన్నీరు తుడువలేదు. తుడుచువాడు ప్రభువే. లాజరు సమాధియొద్ద తాను చేయబోవు అద్భుతమును ఎరిగియుండియు, మొదట ఏడ్చిన ప్రభువు ఆయన. ఏడ్చువారితో ఏడువవలెనని సంఘమునకు ఆజ్ఞ యున్నది. ఏడ్పు మాన్పించుమని గాదు.

ఆ రాత్రి నేను క్యారల్స్‌కు ఆలస్యముగా పోయితిని. తొమ్మిదవ పాట ముగిసినప్పుడు, "ఏం జరిగిందిరా?" అని అడిగితిని. అతడు గంటసేపు చెప్పెను. నేను వాక్యమేదియు చెప్పలేదు. మా వదినగారు రెండు పళ్లెములలో అన్నము పైకి పంపగా ఇద్దరము తింటిమి. అతడు క్యారల్స్‌కు రాలేదు, నేను రమ్మనలేదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మాత్రము వెనుక బెంచీలో కూర్చుండెను. పాడలేదు. అతని ప్రక్కన ఆ సంవత్సరమే కొడుకును పోగొట్టుకొనిన పెద్దాయన యుండెను, ఆయనయు పాడలేదు. ఇద్దరును ఒక్క పాటలపుస్తకమును పట్టుకొని నిలిచియుండిరి. వారి పక్షమున మిగిలినవారమందరము పాడితిమి. సంఘమనగా అదియే గదా.

ప్రియులారా, మీ ఊరిలో డాబామీద దుప్పటి కప్పుకొని కూర్చున్నవారెవరు? ఈ వారము వారియొద్దకు వెళ్లుడి. దుప్పటిని లాగకుడి. రొట్టె తీసికొని వెళ్లుడి. ఒక ప్రశ్న అడుగుడి. వారు చెప్పినదే రెండవమారు చెప్పినను వినుడి. సమయము వచ్చినప్పుడు చేయి పట్టి గుహనుండి నడిపించుడి.

ప్రార్థన: కృపగల తండ్రీ, గుహలో నున్న నీ సేవకుని గోడును రెండుమారులు ఓపికతో విన్న దేవా, నీ చెవులవంటి చెవులను మాకు దయచేయుము. తొందరపడి పలికిన మా మాటలను క్షమించుము. హృదయము నలిగినవారిని మా పాటలకంటె ముందు మా మౌనముతో ఆదరించుట మాకు నేర్పుము. వారి చలికాలము ముగియువరకు మమ్మును వారి ప్రక్కన నిలువబెట్టుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమెన్.