పడవ ఎక్కక ముందు

ధ్యాన భాగములు: లూకా 14:28–30; యాకోబు 4:13–15; అపొ. కార్యములు 27వ అధ్యాయము



ముందుగా లెక్క చూచుకొనుట విశ్వాసమా, అవిశ్వాసమా? రేపటిని గూర్చిన చింత మానవలెనని కొండమీది ప్రసంగములో మన ప్రభువు నేర్పెను. గోపురము కట్టబోవువాడు ముందుగా ఖర్చు ఆలోచించుకొనవలెనని చెప్పినవాడును ఆ ప్రభువే. ఒకే నోట వచ్చిన ఈ రెండు బోధలను మనము ఎట్లు కలిపి గైకొనవలెను?

ఈ ప్రశ్నను ఈ మాసము నది మీద పెట్టి చూతము. ఇచ్చట హైదరాబాదు పాతబస్తీలో కొందరు యౌవనస్థులు శీతకాలపు సెలవులలో నాలుగు దినములు గోదావరి మీద పడవలో గడుపవలెనని ఆలోచించుచున్నారు. పగలు తెడ్లు వేయుట, రాత్రి ఒడ్డున విడియుట. ఇరుప్రక్కల కొండలు, అడవి. ఈ సంగతి విని పెద్దలలో ఒకరు, "ప్రార్థించి బయలుదేరుడి నాయనా, ఇన్ని లెక్కలెందుకు? దేవుడే చూచుకొనును" అనిరి. మరియొకరు, "అపాయమున్న చోటికి పోవుటయే దేవుని శోధించుట. ఇంటనుండుడి" అనిరి. ఇద్దరును భక్తిపరులే. ఇద్దరి మాటలోను కొంత సత్యము కలదు. అయితే ఇద్దరును ఒక సంగతిని విడిచిపెట్టిరని మాకు తోచుచున్నది. దానిని చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

1. నదిని జ్ఞాపకముంచుకొనుట

గోదావరిని గూర్చి చెప్పకముందు మా వాకిటనున్న మూసీని చూడవలెను. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో పుట్టి, మా నగరము నడుమ పారి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియు నది అది. ఎండకాలములో దానిని చూచినవాడు ఇది నదియా, మురుగు కాలువయా అని అడుగును. నూరేండ్ల క్రిందటను జనులు దానిని అట్లే చులకనగా చూచిరి. ఒడ్డు వెంబడి ఇండ్లు కట్టుకొనిరి.

1908 సెప్టెంబరు 28వ తేదీన ఆ చిన్న నదియే పొంగి వచ్చెను. వేలాది ఇండ్లు కూలెను. సుమారు 15,000 మంది చనిపోయిరని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. మన గ్రామములనుండి ఉస్మానియా ఆసుపత్రికి వచ్చిన వారిలో కొందరు అచ్చటి తోటలో ఆ చెట్టును చూచియే యుందురు.

ఆ తరువాత ఏమి జరిగెను? 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వరదను నగరములో ఆపజూచుట వ్యర్థమనియు, నగరమునకు ఎగువనే నిలువచేయవలెననియు ఆయన లెక్కలు కట్టి చెప్పెను. ఆ ఆలోచన ప్రకారము 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియాయెను. చనిపోయినవారిని ఆ కట్టలు తిరిగి తేలేదు. అయితే ఇంక పుట్టబోవువారి కొరకు అవి కట్టబడెను.

ఇది మొదటి పాఠము. నది నేడు ఎట్లున్నదని మాత్రమే గాక, ఒకప్పుడు ఎంతవరకు వచ్చినదని అడుగువాడు ప్రయాణమునకు సిద్ధపడుచున్నాడు. మరచిపోవుట విశ్వాసము కాదు. మరచినవానికి ధైర్యముగా కనబడునది పలుమారు అజ్ఞానమే.

2. లెక్క వెనుక మనుష్యుడున్నాడు

మన యౌవనస్థులు నిజముగా నాలుగు దినములు నది మీద ఉండవలెనన్న ఏమేమి చూచుకొనవలెను?

మొదట కాలము. జూన్ మొదలు సెప్టెంబరు వరకు గోదావరి వరదకాలము. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులు చేరగా మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ఇత్తురు. వర్షములు వెనుకబట్టి నీరు తేరిన తరువాతనే చిన్న పడవకు తరుణము. తరువాత దారి. పాపికొండల నడుమ నది ఇరుకై, లోతై, సుడులు తిరుగును. పైగా పోలవరము ఆనకట్ట పనులవలన నీరు వెనుకకు నిలిచి, దేవీపట్నము ప్రాంతపు ఊళ్లు కొన్ని మునిగినవి. అచ్చటివారు వేరుచోట్లకు తరలిరి. కాబట్టి పాత పటములో ఊరున్నచోట నేడు నీరుండవచ్చును. తాతలనాటి పటము పట్టుకొని పోవువాడు దారి తెలిసినవాడు కాడు.

పిమ్మట చిన్న సంగతులు. అడవిశాఖవారి అనుమతి, పడవల అధికారుల అనుమతి. ఒక్కొక్కరికి ఒక తేలుడు జాకెట్టు. అది పడవ అడుగున కాక ఒంటిమీదనే ఉండవలెను. ఆ నదిని ఎరిగిన ఒక పడవవాడు. నాలుగు దినములకు బియ్యము, పప్పు, ఉప్పు. ఆలస్యమైనయెడల మరియొక దినమునకు సరిపడునంత. తడవని డబ్బాలో అగ్గిపెట్టె, మందులు. ఏ రాత్రి ఎచ్చట ఆగుదుమో వ్రాసి ఇంటివారి చేతికిచ్చిన కాగితము. ఏ వేళకు కబురు రానియెడల ఎవరిని పిలువవలెనో ఆ కాగితము మీదనే ఉండవలెను.

ఉత్తర కెనడాలో సరస్సులు, నదులు గొలుసువలె అల్లుకొనియున్నవి. అచ్చటి ఆదివాసులు భూర్జపు పట్టను చెట్టువేళ్లతో కుట్టి, అతుకులకు బంక పూసి తేలిక పడవలు చేసికొనెడివారు. మన కృష్ణాతీరమున వెదురు అల్లి తోలు కప్పి పుట్టి చేసినట్లే. జలపాతము అడ్డమైనచోట వారు పడవను భుజములకెత్తుకొని నడిచి, అవతలి నీటిలో దింపెడివారు. నేడును అచ్చట వారములకొలది ప్రయాణము చేయువారు మోయవలసిన చోట్లను ముందుగానే లెక్కించుకొని, తమ దారిని ఇంటివారికి వ్రాసి ఇచ్చి బయలుదేరుదురు. ఎక్కడ పడవలో పోవచ్చును, ఎక్కడ దిగి మోయవలెను అను భేదము తెలియుటయే అచ్చట వివేకము.

ఈ జాబితా చదివి, "ఇది సంతకు పోవువాని లెక్కవలె నున్నది, ఇందులో ఆత్మీయమేమి?" అని ఎవరైన అడుగవచ్చును. జాగ్రత్తగా చూడుడి. ప్రతి వస్తువు వెనుక ఒక మనుష్యుడున్నాడు. ఆ జాకెట్టు ఈత రాని పిల్లవాని కొరకు. ఎక్కువ బియ్యము ఆకలికి తాళలేనివాని కొరకు. ఇంట విడిచిన కాగితము రాత్రి నిద్రపట్టని తల్లి కొరకు. నోవహు విశ్వాసమును గూర్చి మనము ఎంతో చెప్పుకొందుము. ఆ విశ్వాసము ఓడ లోపలను వెలుపలను పూసిన కీలుగా కనబడెను. తన యింటివారి కొరకు అతడు మూరలు కొలిచెను.

పెద్దలిద్దరును విడిచిన సంగతి ఇదే. వారు దేవుని గూర్చియు అపాయమును గూర్చియు తలంచిరి గాని, పడవలో ప్రక్కన కూర్చుండువానిని తలంచలేదు. మన ప్రభువు మానుమన్న చింత మనలను గూర్చిన భయము. చేయుమన్న లెక్క పొరుగువాని ప్రేమ. చింతించువాడు రాత్రియంతయు మేలుకొని ఏమియు చేయడు. ప్రేమించువాడు సాయంకాలమే త్రాళ్లు సరిచూచి పరుండును.

3. ఎవరి ప్రాణమును ఎవరు పణముగా పెట్టుదురు?

2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరి వరదతో నున్నప్పుడు, పాపికొండల యాత్రకు బయలుదేరిన ఒక పడవ కచ్చులూరు వద్ద మునిగెను. అందులో 70 మందికి పైగా ఉండిరి. సగమునకు మించినవారు తిరిగి రాలేదు. హైదరాబాదునుండియు వరంగల్లు ప్రాంతమునుండియు వెళ్లినవారు వారిలో ఉండిరి. ఒడ్డునున్న గిరిజనులు తమ చిన్న పడవలతో పరుగెత్తివచ్చి చేతికందినవారిని లాగిరి.

ఆ దుఃఖమునకు ఎవరు బాధ్యులని ఇచ్చట విచారింపము. మన ప్రశ్న వేరు. ఒకడు తన ప్రాణమునకు తాను తెగించుట ఒక సంగతి. తనను నమ్మి పడవెక్కినవాని ప్రాణమునకు తెగించుట మరియొక సంగతి. టిక్కెట్టు కొని కూర్చున్న తల్లికి ఆ దినపు నీటిమట్టము తెలియదు. ఒడిలోని బిడ్డకు అసలే తెలియదు. నడిపించువానికి తెలియును, లేదా తెలిసికొనవలసియుండెను. కాబట్టి నడిపించువాడు చెప్పవలసిన మొదటి సత్యము, "అపాయము ఇంత కలదు, ఇష్టమైన రండి, లేనియెడల నిలువుడి" అనునదే. చెప్పకుండ తీసికొనిపోవుట ధైర్యము కాదు; పరుల సొత్తును అడుగక ఖర్చుపెట్టుట.

అపొస్తలుడైన పౌలు ఎక్కిన ఓడలో 276 మంది ఉండిరి. ప్రయాణకాలము దాటిపోయినదనియు, ముందుకు పోయిన నష్టము కలుగుననియు అతడు హెచ్చరించెను. శతాధిపతి ఓడ యజమానుని మాటను, నావికుని మాటను నమ్మెను. అంతలో దక్షిణపు గాలి నెమ్మదిగా వీచినందున తమ ఆలోచన నెరవేరినదని అందరును అనుకొనిరి. వారిని మోసపుచ్చినది తుపాను కాదు. దానికి ముందు వచ్చిన చల్లని గాలి. మనలను అపాయములోనికి దించునది సాధారణముగా అట్టి గాలియే.

ఆ కథలో మరియొక మాట గమనింపదగినది. ఎవరి ప్రాణమును పోదని దేవుడు పౌలునకు వాగ్దానమిచ్చెను. అయినను ఓడవారు చిన్న పడవ దించుకొని పారిపోజూచినప్పుడు, వారు ఓడలో నిలువనియెడల మిగిలినవారు బ్రదుకలేరని పౌలు శతాధిపతితో చెప్పెను. వాగ్దానమున్నను పని తెలిసినవాడు కావలెను. దేవుడు చూచుకొనును గనుక తెడ్డు వేయువాడు అక్కరలేదనుట పౌలు ఎరుగని విశ్వాసము.

4. వెనుకకు తిరుగు చోటు

అయితే లెక్కలన్నియు సరిగా వేసినవాడు నదిని జయించినట్లా? కాదు. ఇదే గోదావరి దానికి సాక్షి. పందొమ్మిదవ శతాబ్దములో సర్ ఆర్థర్ కాటన్ మొదలైనవారు గోదావరిలో ఎగువకు పడవల రాకపోకలు సాగింపవలెనని గొప్ప ప్రణాళిక వేసిరి. నదికి అడ్డముగా మూడు చోట్ల రాతి ఆటంకములున్నవి. మొదటిదైన దుమ్ముగూడెము వద్ద హెయిగ్ దొర ఆధిపత్యమున ఆనకట్ట, కాలువ పనులు జరిగెను. ఖర్చు పెరిగిపోగా 1871లో ఆ ప్రయత్నమును విడిచిపెట్టిరి.

ఖర్చు చూచి మరల వెనుకకు తిరిగినవారిని చూచి నవ్వవచ్చునా? వినుడి. ఆ పనుల కొరకు అడవికి వచ్చిన హెయిగ్ దొర కోయ జనులకు సువార్త అందవలెనని భారము వహించెను. ఆ పనులలో ఉద్యోగము చేసిన వెంకటరామరాజుగారు ఆ సేవకు ముందుకు వచ్చిరి. పడవల దారి ఆగిపోయెను గాని దుమ్ముగూడెములో సంఘము నిలిచెను. యాకోబు పత్రిక నేర్పునది ఇదే. రేపు ఇది చేయుదుమని చెప్పుటలో తప్పు లేదు. ప్రభువు చిత్తమునకు చోటు విడువక చెప్పుటలో తప్పు కలదు.

ఆ చోటును మాటలో మాత్రమే గాక, ప్రణాళికలోనే వ్రాసి పెట్టవలెనని మా మనవి. "నీరు ఇంత పెరిగిన, గాలి ఇట్లు మారిన, ఒకడు జబ్బుపడిన, ఇచ్చట ఆగి వెనుకకు తిరుగుదుము" అని బయలుదేరకముందే, మనస్సు నెమ్మదిగా నున్నప్పుడు తీర్మానింపవలెను. నది మధ్యను తీర్మానించుకొందమన్నయెడల అప్పుడు గర్వము మాటలాడును, సిగ్గు మాటలాడును, ఇచ్చిన డబ్బు మాటలాడును. వెనుకకు తిరుగు చోటు లేని ప్రణాళిక విగ్రహము వంటిది. దానికి మనుష్యులను బలి ఇత్తుము.

5. మన వాగుల దగ్గర

గ్రామములలోని ప్రియులారా, మీలో అనేకులు గోదావరి యాత్రకు పోరు. కాని మీ ఊరి వాగు కలదు. వర్షాకాలములో లోతట్టు వంతెన మీద నీరు పారుచుండగా, "మోకాలి లోతే గదా" అని బండిని దింపువారు ఏటేట ఉన్నారు. అవతలి ఒడ్డున పెండ్లి యుండవచ్చును, ఆరాధన యుండవచ్చును, సంత యుండవచ్చును. వెనుక కూర్చున్న భార్యా బిడ్డలు ఏమియు అనలేరు. అట్టి వేళ నిలిచి, "నేడు దాటము" అని చెప్పువాడు అవిశ్వాసి కాడు. ఆరాధన తప్పినందుకు ప్రభువు అతనిపై కోపపడడు. బిడ్డలను క్షేమముగా ఇంటికి తెచ్చుటయు ఆ దినమునకు ఆరాధనయే.

మన యౌవనస్థులకు మేము చెప్పునదియు ఇంతే. వెళ్లుడి, దేవుడు చేసిన కొండలను, నీళ్లను చూడుడి. ఆ అందమును చూడక జీవించుట భక్తి కాదు. అయితే బయలుదేరకముందు ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుడి. ఈ నది ఒకప్పుడు ఎంతవరకు వచ్చినదో తెలిసికొంటిరా? మీతో వచ్చువారందరికి అపాయము ఉన్నదున్నట్లు చెప్పితిరా? ఎచ్చట వెనుకకు తిరుగుదురో వ్రాసికొంటిరా?

జవాబు దొరికిన పిమ్మట మోకరించి ప్రార్థింపుడి. లెక్క వేసినవాని ప్రార్థన లెక్కకు బదులు కాదు. తాను లెక్కింపలేని దానిని దేవుని చేతికి అప్పగించుట. అప్పుడు పడవ ఎక్కుడి. నదులను చేసినవాడు మీకు తోడై యుండునుగాక. ఆమేన్.