వంటగిన్నెలు జప్తు చెయ్యరట!

అప్పిచ్చేవాడు ఉన్న ఊళ్ళోనే కాపురం ఉండమన్నాడు సుమతీ శతకకారుడు. బాగానే ఉంది. ఆ అప్పు తిరిగి రాకపోతే, అదే ఊళ్ళో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకోవాలో మాత్రం ఆయన చెప్పలేదు.

ఎందుకంటున్నానంటే, అప్పిచ్చిన వాళ్ళం మేమే. అప్పట్లో మా పక్క వాటాలో ఉండే ఒక ప్రభుత్వోద్యోగి, "నాలుగు నెలల్లో ఇచ్చేస్తానమ్మా. మా ఆవిడకి మాత్రం చెప్పకండి, కంగారు పడుతుంది" అంటే, అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు తీసి ప్రోనోటు మీద ఇచ్చాం. ఏడాది తిరక్కుండా వాళ్ళు ఇల్లు మారిపోయారు. నాలుగు నెలలు కాస్తా రెండున్నరేళ్ళయ్యాయి. మూడేళ్ళు దాటితే నోటు చెల్లదని మావారు కోర్టుకెళ్ళారు. డిక్రీ వచ్చింది గాని డబ్బు రాలేదు. చివరికి జీతం జప్తుకి పిటిషను పెట్టాం. జీతంలో కొంత పట్టి పంపమని ఆయన ఆఫీసుకి కోర్టు ఉత్తర్వు వెళ్ళింది. హమ్మయ్య, గెలిచాం అనుకున్నాను.

ఆ తర్వాత ఒకరోజు రైతుబజారులో ఆవిడ కనిపించింది. పావుకిలో వంకాయలు తూయిస్తోంది. "ఈ అప్పు సంగతి నాకు తెలియనే తెలీదు వదినగారూ. జీతం తగ్గి వచ్చాకే తెలిసింది" అంది మెల్లిగా. నాలుగు తిట్టినా బాగుండేది!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మా వకీలుగారిని అడిగాను, అసలు ఎంత కోస్తారండీ అని. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడులో 60వ సెక్షను ఉందిట. మామూలు అప్పుకైతే జీతంలో మొదటి 1,000 రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులూ ముట్టుకోకూడదు. లెక్కకొచ్చే జీతం 31,000 అయితే 10,000 దాకా కోయవచ్చు. అదీ కలకాలం కాదు. ఒక డిక్రీ కింద మొత్తం 24 నెలలు కోశాక, ఆ డిక్రీకి ఇక ఆ జీతం జోలికి పోకూడదు. ఆ వెయ్యి కూడా అంతకుముందు 400 ఉండేదిట; 1999లో చేసిన సవరణతో పెరిగింది. ఈ రోజుల్లో వెయ్యికి ఎన్నాళ్ళ కూరలొస్తాయో, సంచీ చేతికిచ్చి బజారుకి పంపితే గాని మగవాళ్ళకి తెలీదు!

అయినా అది మనసున్న సెక్షనే. బాకీదారుడివీ, అతని భార్యాబిడ్డలవీ కట్టుబట్టలూ, వంటగిన్నెలూ, పక్కబట్టలూ జప్తు చెయ్యకూడదు. మతాచారం ప్రకారం ఆడవాళ్ళు ఒంటిమీంచి తియ్యకూడని నగలూ అంతే. అంటే, అప్పు ఎంత న్యాయమైనదైనా ఇంకొకరి పొయ్యి ఆర్పే హక్కు మనకి లేదన్నమాట.

ఇంకో మాట విని ఆశ్చర్యపోయాను. అదే మనోవర్తి డిక్రీ అయితే లెక్క తిరగబడుతుంది. జీతంలో మూడోవంతు మాత్రం వదిలి, తక్కిన రెండు వంతుల దాకా పట్టుకోవచ్చు. ప్రోనోటు లేకపోయినా, భార్యాబిడ్డల తిండి అన్నిటికంటే పెద్ద బాకీ అని చట్టమే ఒప్పుకుంది. మరి ఆ బాకీకి చెందవలసిన డబ్బులోంచే కదా నా బాకీ వస్తోంది?

కేసు వదులుకున్నానా అంటే, లేదు. మా పిల్ల ఫీజు కూడా ఒక ఇంటి అవసరమే. అసలు వస్తే చాలని వడ్డీ వదిలేశాం. మావారు దాన్ని దయ అన్నారు. నేను జరిమానా అన్నాను. రోజూ తోడుపెరుగు ఇచ్చిపుచ్చుకున్న మనిషికి, ఆవిడ సంసారం నెత్తిన అప్పు పెడుతూ ఒక్క మాట చెప్పకపోవడం నా తప్పే. మగవాళ్ళ వ్యవహారం అనుకున్నాను. తీర్చేటప్పుడు కోత పడేది వంటింట్లోనే అని తెలిసుండీ!

ఇక మీదట ఎవరికైనా చెయ్యి బదులు ఇవ్వాల్సి వస్తే, సంతకం సంగతి తర్వాత. ముందు ఆ ఇంటి ఇల్లాలికి తెలియాలి.

మొన్న కాఫీ ఇస్తూ మావారిని అడిగాను, "ఇంతకీ మీరెవరికైనా హామీ సంతకం పెట్టారా?" అని.

ఆయన పేపరు కాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.