తొలి గీతకు చర్మం ఎవరిది?

సాధన గురించి వేమన మనకు నూరిపోసిన మాటల్లో పెద్దగా పట్టించుకోని ఒక ఏర్పాటు ఉంది. వేపాకు నమిలేవాడి నాలుకే ఆ చేదంతా మోస్తుంది. పాడేవాడి గొంతే బొంగురుపోతుంది. నేర్చుకునే కష్టం నేర్చుకునేవాడి మీదే పడుతుంది కాబట్టి ఎన్నిసార్లు తప్పినా అడిగేవాళ్లుండరు. టాటూ వేయడం దగ్గరికి వచ్చేసరికి ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. సాధన ఒకరిది, చేదు ఇంకొకరిది. కొత్తలో వంకరపోయిన ప్రతి గీతా ఎవరో ఒకరి ముంజేతి మీద, వాళ్లు కాటికి పోయేదాకా ఉంటుంది. చెయ్యి తిరగాలంటే చర్మం కావాలి. చెయ్యి తిరగనివాడికి చర్మం అప్పగించడమేమో తెలివైన పని కాదు. చర్మం ఇచ్చినవాళ్లు ఒప్పుకునే ఇచ్చారుగా అన్న ఒక్కమాటతో ఈ చిక్కుముడిని విప్పేశామనుకుంటున్నాం. అది విడిపోయిందని నాకు నమ్మకం కలగడం లేదు.

పని తీరును కాస్త దగ్గరగా చూస్తే నా అనుమానం అర్థమవుతుంది. సూది చర్మంలోకి దిగాల్సింది ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు. పై పొరలోనే ఆగిపోతే, ఆ పొర కొన్ని వారాల్లో రాలిపోతుంది కాబట్టి రంగు కూడా దాంతోపాటే పోయి గీత అక్కడక్కడా తెగుతుంది. మరీ లోతుకు, కొవ్వులోకి దిగితే రంగు పక్కలకు పాకి గీత చుట్టూ నీలిరంగు మసక కమ్ముతుంది. స్టూడియోల్లో దాన్ని బ్లోఅవుట్ అంటారు. ముంజేతి మీద చక్కగా కుదిరిన చెయ్యే మణికట్టు లోపలివైపు పల్చటి చర్మం మీదికి వచ్చేసరికి లోతు తప్పుతుంది. ఒక చేతి వేళ్లతో చర్మాన్ని బిగువుగా లాగి పట్టడం, మెషీన్‌ను వంచే కోణం, కదిపే వేగం, ఈ మూడూ ఒకేసారి కుదరాలి. కుదరకపోతే దిద్దుకునే దారి ఒకవైపే ఉంది: సన్నగీతను లావు చేయొచ్చు, లావుగీతను సన్నం చేయలేం. అందుకే సిలికాన్ షీట్ల మీద, పందిచర్మం మీద, నారింజ తొక్కల మీద ముందు గీయిస్తారు. మెషీన్ బరువు చేతికి అలవాటవుతుంది, అంతవరకే. ఆ షీటుకు నెత్తురు ఊరదు, నొప్పికి అది కదలదు, వాచదు. అన్నిటికీ మించి, గాయం మానడమన్నది దానికి లేదు. టాటూ మంచిచెడ్డలు తేలేది గాయం మానాకనే. ఆ తర్వాత కూడా శరీరం దాన్ని ఊరికే వదిలిపెట్టదు. చర్మంలో రంగురేణువులను మింగి పట్టుకున్న కణాలు చనిపోతే, బయటపడ్డ రేణువులను కొత్త కణాలు వచ్చి మళ్లీ పట్టుకుంటాయని ఫ్రాన్స్‌లో ఎలుకల మీద చేసిన పరిశోధన 2018లో చూపించింది. వేసినవాడు మెషీన్ ఆపేశాక కూడా ఆ గీత మీద పని ఏళ్లతరబడి సాగుతూనే ఉంటుందన్నమాట.

ఇప్పుడు ఒప్పుకోలు సంగతి చూద్దాం. నేర్చుకునేవాళ్లకు మొదట చర్మం ఇచ్చేది స్నేహితులు, గదిలో కలిసి ఉండేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్ల బృందంలో తోటివాళ్లు, సగం డబ్బుకో ఊరికేనో వేస్తున్నారని వచ్చే కాలేజీ పిల్లలు. సంతకం పెట్టిన కాగితం ఉంటుంది, వయసూ నిండి ఉంటుంది. కానీ దేనికి ఒప్పుకుంటున్నారో వాళ్లకు తెలుసా? స్టెన్సిల్ మీద బొమ్మ కనిపిస్తుంది గానీ వేసేవాడి చేతి లోతు కనిపించదు కదా. ఇక స్నేహితుడైతే, ‘నీ మీద నాకు నమ్మకం లేదు’ అని మొహం మీద చెప్పడం కన్నా చెయ్యి చాపడమే సులువు. మొహమాటానికి చాపిన చెయ్యి అది. వైద్యం మాత్రం ఎలా నేర్చుకుంటున్నారు, వందమందిని పొట్టన పెట్టుకుంటే గానీ వైద్యుడు కాడని ఎత్తిపొడుపే ఉంది కదా అని అడగొచ్చు. నిజమే, కానీ ఆస్పత్రిలో పడుకున్నవాడికి ఆ ఆపరేషన్ అవసరం. చెయ్యి తిరగని డాక్టరు పక్కన తిరిగిన డాక్టరు నిలబడి ఉంటాడు, తేడా వస్తే కత్తి అందుకుంటాడు. టాటూ ఎవరికీ ప్రాణావసరం కాదు. గురువు పక్కనే ఉన్నా తప్పిన గీతను వెనక్కి లాగలేడు. కాబట్టి వైద్యుడి పోలిక ఇక్కడ అతకదు. మంగలి పోలిక అసలే అతకదు, జుట్టు మళ్లీ పెరుగుతుంది.

చట్టాలు ఈ ప్రశ్న జోలికి రాకపోవడం విచిత్రం. జపాన్‌లో లైసెన్సు లేకుండా వైద్యం చేసినట్టేనని ఒక టాటూ కళాకారుడి మీద కేసు పెడితే, టాటూ వేయడం వైద్యం కిందికి రాదని ఆ దేశ సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. దక్షిణ కొరియాలో 1992 నాటి తీర్పు మూలంగా డాక్టర్లు తప్ప మిగతావాళ్లంతా చాటుమాటుగానే వేసి, చాటుమాటుగానే నేర్చుకోవాల్సి వచ్చింది. డాక్టర్లు కానివాళ్లకు దారి ఇచ్చే చట్టాన్ని అక్కడి పార్లమెంటు ఆమోదించింది 2025లోనే. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 360 గంటల శిక్షణ అడుగుతుంది, అందులో 50 టాటూలు పూర్తిచేసి చూపాలి. సూదుల శుభ్రత, నెత్తురు ద్వారా అంటుకునే జబ్బులు, ఇవన్నీ అడగాల్సినవే. అయితే ఈ లెక్కల్లో టాటూ పూర్తయిందంటే ఆ పూట పూర్తయినట్టే. ఆర్నెల్ల తర్వాత ఆ యాభై ఎలా ఉన్నాయన్న ప్రశ్నే నిజానికి పరీక్ష. ఇన్‌స్టాగ్రామ్ ఈ దురలవాటును ముదరబెట్టింది. అప్పుడే తుడిచిన, ఇంకా ఎర్రగా మెరుస్తున్న చర్మాన్ని ఫొటో తీసి పెడతారు. తోటివాళ్లు చప్పట్లు కొడతారు. ఆ ఫొటోలో ఏ గీతైనా బాగానే ఉంటుంది.

అంటే నేర్చుకునేవాడికి కావాల్సింది చర్మం ఒక్కటే కాదు, అది మళ్లీ మళ్లీ కంటపడటం. సమోవా దీవుల్లో నడుము నుంచి మోకాళ్ల దాకా వేసే పెఅ అనే టాటూ దీనికి మంచి ఉదాహరణ. ఆ విద్య కొన్ని కుటుంబాల్లోనే వస్తుంది. కొత్తవాళ్లకు చాలాకాలం దక్కేది గురువు సుత్తితో కొడుతుంటే చర్మాన్ని లాగి పట్టుకోవడం, నెత్తురు తుడవడం. ఏ చోట చర్మం ఎలా సాగుతుందో సూది పట్టకముందే వేళ్లకు తెలిసిపోతుంది. వేయించుకున్నవాడు ఆ దీవిలోనే, ఆ గురువు కళ్లెదుటే తిరుగుతూ ముసలివాడవుతాడు. ఫిలిప్పీన్స్ కొండల్లో బుస్కలన్ గ్రామానికి చెందిన వాంగ్ ఓద్, నిమ్మజాతి చెట్టు ముల్లుతో, మసితో కలింగ తెగవాళ్లకు వేస్తూ వచ్చింది. రక్తసంబంధం లేనివాళ్లు వేస్తే పుండు చీము పడుతుందన్న నమ్మకం వల్ల తన తోబుట్టువుల మనవరాళ్లకే నేర్పింది. ఇప్పుడు అక్కడ వరుసలో నిలబడేది దేశదేశాల పర్యాటకులు. వేయించుకుని విమానం ఎక్కేస్తారు. ముల్లు అదే, మసి అదే, నేర్పేవాళ్లూ వాళ్లే. ఆ మనవరాళ్లకు మానిన గీత మాత్రం ఇదివరకటిలా ఎదురుపడదు.

మన ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచి వెళ్లిపోయేవాళ్లు కదా, వాళ్ల విద్యకేం లోపం వచ్చిందని నన్ను నిలదీయొచ్చు. ఇది గట్టి ప్రశ్నే. సంచారం చేసే చేతికి తన పని మళ్లీ కనిపించదన్న నా వాదం ఇక్కడ కాస్త వీగుతుంది. అయితే పచ్చబొట్టు పొడిపించుకోని ఆడవాళ్లు తక్కువగా ఉన్న రోజుల్లో, తల్లి వెంట నడిచే పిల్లకు ప్రతి ఊళ్లోనూ చుక్కలో, తేలో, పేరో చేతుల మీద పాతబడి కనిపించేవి. తన తల్లి పొడిచినవి కాకపోతే మరో తల్లి పొడిచినవి. పొడిచినచోటే నిలబడకపోయినా, పదేళ్ల కిందటి చుక్క ఎలా ఉంటుందో కళ్లకు తెలిసేది. ఇవాళ హైదరాబాద్‌లో మెషీన్ పట్టే కుర్రాడికి ఆ వీలు కూడా లేదు.

ఇక్కడిదాకా వచ్చాక నా వాదం నాకే అడ్డం తిరుగుతోంది. మళ్లీ కనిపించే చర్మం స్నేహితులది, బంధువులది, రోజూ ఎదురుపడేవాళ్లది. మొహమాటంతో ఒప్పుకునేదీ వాళ్లే. ముక్కూమొహం తెలియనివాడు డబ్బిచ్చి, లెక్క చూసుకుని, ఇష్టమైతేనే కూర్చుంటాడు. అతని ఒప్పుకోలులో మరక లేదు. కానీ అతను మళ్లీ రాడు. మచ్చలేని ఒప్పుకోలు ఉన్నచోట పాఠం లేదు, పాఠం ఉన్నచోట ఒప్పుకోలు బలహీనం. రెంటిలో ఒకటే ఎంచుకోమంటే, మళ్లీ ఎదురుపడాల్సిన స్నేహితుడినే ఎంచుకుంటానేమో. తప్పిన గీతను ఏళ్లతరబడి చూడాల్సి రావడం వేసినవాడికి కూడా శిక్షే. కానీ ఆ శిక్షను స్నేహితుడి ఒంటి మీద రాయించడం న్యాయమని నన్ను నేను ఒప్పించుకోలేకపోతున్నాను. పోనీ తన తొడ మీదే వేసుకోమంటే, వేమన సూత్రానికి సరిపోతుంది గానీ, నొప్పికి అదిరే చెయ్యి, తలకిందులుగా చూడాల్సిన బొమ్మ, చేయి అందే జానెడు చోటు ఎన్ని పాఠాలకు చాలుతాయి?

రెండు షరతులూ ఒకేచోట కుదిరే చర్మం ఇంకొకటి ఉంది, అది గురువుది. తన శిష్యుడి చెయ్యి ఎంత లోతు తప్పుతుందో గురువు కన్నా బాగా ఎరిగినవాడు లేడు. కాబట్టి ఆయన ఒప్పుకోలులో తెలియనితనమూ ఉండదు, మొహమాటమూ ఉండదు. పైగా ఆ గీత ప్రతి ఉదయం స్టూడియో తలుపు తీసుకుని వస్తుంది. ఆయన తర్వాత తోటి శిష్యులది. ఇద్దరూ మెషీన్ పట్టినవాళ్లే, ఒకరి పిక్క మీద ఇంకొకరు గీసినప్పుడు బాకీ అక్కడికక్కడే తీరుతుంది. కళాకారుల బృందం ఎందుకని ఎవరైనా అడిగితే, మెచ్చుకోళ్ల కన్నా ముందు నేను చెప్పేది ఇదే. గురువు ఒంటి మీద చోటు అయిపోయిందంటారా, పాతగీతల సందున రెండంగుళాలైనా దొరక్కపోదు. ఫీజు మాత్రం పుచ్చుకుని సూదికి తమ చర్మం చూపని గురువులు, తమ శిష్యుడి చేతి గురించి ఏమనుకుంటున్నారో ఊరివాళ్లకు చెప్పకనే చెబుతున్నారు. తోటి శిష్యుల సంగతి కాస్త కష్టం. కొన్ని వారాల కోర్సులో బ్యాచ్ విడిపోయే నాటికి వాళ్ల తొలిగీతల మీద పొలుసు కూడా పూర్తిగా రాలి ఉండదు.