నీ తమ్ముడెక్కడ?

(ఆదికాండము 4:1-12, లూకా 22:54-62 చదవండి)



బొమ్మల సినిమా అనగానే పిల్లల్ని టీ.వీ. ముందు కూర్చోబెట్టి మనం మన పని చూసుకుంటాం. ఈ వారం నేను చెప్పబోయేది ఒక బొమ్మల సినిమా గురించే. కాని అది పిల్లల సినిమా కాదు. ఇజ్రాయెల్ దర్శకుడు ఆరీ ఫోల్మన్ తీసిన 'వాల్జ్ విత్ బషీర్'. 2008లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. 2009లో గోల్డెన్ గ్లోబ్ బహుమతి పొందింది, ఆ ఏడాదే డి.వి.డి.గా ఇళ్ళకు చేరింది. జరిగిన యుద్ధాన్ని గురించిన డాక్యుమెంటరీయే అయినా దాదాపు అంతా గీసిన బొమ్మలతోనే నడుస్తుంది. హింస, అసభ్య దృశ్యాలు ఉన్నాయి కనుక చిన్నపిల్లల ముందు పెట్టకండి. పెద్దలు చూస్తే మాత్రం, అయిపోగానే టీ.వీ. కట్టేసి హాయిగా నిద్రపోలేరు.

సినిమా ఒక పీడకలతో మొదలవుతుంది. 26 కుక్కలు కోరలు చాచి వీధులవెంట పరుగెత్తుకొస్తాయి. ఆ కల దర్శకుని పాత స్నేహితునిది. 1982లో ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్‌లోకి వెళ్ళినప్పుడు వాళ్ళిద్దరూ సైనికులు. రాత్రిపూట గ్రామంలో అడుగుపెట్టేముందు కుక్కలు మొరిగి జనాన్ని లేపకుండా వాటిని కాల్చే పని ఆ స్నేహితునికి అప్పగించారు. అతడు మనుషులను కాల్చలేడని వాళ్ళకు తెలుసు. 26 కుక్కలను చంపాడు. 20 ఏళ్ళ తర్వాత ఆ 26 కూడా, ఒక్కటీ తప్పకుండా, కలలోకి వచ్చాయి.

"నీకు అవేమీ గుర్తుకు రావా?" అని స్నేహితుడు అడిగితే, రావంటాడు ఫోల్మన్. నిజంగానే అతనికి ఆ యుద్ధం ఏమీ గుర్తులేదు. ఆ రాత్రే ఒక్క దృశ్యం మనసులో మెదులుతుంది. బీరూట్ తీరాన సముద్రంలోంచి కొందరు కుర్ర సైనికులు మెల్లగా లేచి నడిచి వస్తుంటారు. ఆకాశంనుంచి దీపాల్లాంటి మంటలు పసుపు వెలుగు కురిపిస్తూ దిగుతుంటాయి. ఆ దృశ్యంలో తన పక్కన కనబడినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి అడిగితే, అలాంటిదేదీ తనకు గుర్తులేదంటాడు. మరి ఆ వెలుగు ఏమిటి? సినిమా అంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

జవాబు ఇది. బషీర్ జెమాయెల్ లెబనాన్ క్రైస్తవ దళాల నాయకుడు. 1982 ఆగస్టులో దేశాధ్యక్షునిగా ఎన్నికయ్యాడు. పదవి చేపట్టకముందే, సెప్టెంబరు 14న బాంబు పేలుడులో చనిపోయాడు. సెప్టెంబరు 16 సాయంకాలం అతని ఫలాంజిస్టు దళం బీరూట్‌లోని సబ్రా, షతీలా శరణార్థి శిబిరాలలోకి ప్రవేశించింది. 18 ఉదయం దాకా పాలస్తీనీయులను, వారి నడుమ ఉంటున్న లెబనాన్ పేదలను, ఆడవాళ్ళని, పసిపిల్లలని కూడా చూడకుండా చంపింది. మృతుల సంఖ్య కొన్ని వందలని కొందరు, 3,500 వరకు అని కొందరు అంచనా వేశారు. శిబిరాల చుట్టూ కాపలా ఉన్నది ఇజ్రాయెల్ సైన్యం. హంతకులకు దారి కనబడేటట్లు ఆకాశంలోకి మంటలు వదిలి వెలుగు పట్టిందీ ఆ సైన్యమే. 19 ఏళ్ళ ఫోల్మన్ ఆ వెలుగు పట్టిన వారి మధ్య ఉన్నాడు.

సహోదరులారా, ఇజ్రాయెల్ సైన్యం సంగతి మనకెందుకు అనుకోకండి. కత్తులు, తుపాకులు పట్టుకొని లోపలికి వెళ్ళినవాళ్ళు ఎవరు? క్రైస్తవులు. వారిలో ఎక్కువమంది మారొనైట్ సభవారు, అంటే పోపుగారితో ఐక్యత కలిగిన కతోలికులు. మనం స్వీకరించే దివ్యసత్ప్రసాదాన్నే వారూ స్వీకరించారు. మనం పిలిచే మరియమాతనే వారూ పిలిచారు.

వారికీ గాయాలున్నాయి. 1976 జనవరిలో దామూర్ అనే క్రైస్తవ పట్టణంలో పాలస్తీనా దళాలు, వారి మిత్రులు కుటుంబాలకు కుటుంబాలనే చంపారు. దానికి రెండు రోజుల ముందు క్రైస్తవ దళాలు కరంతీనాలో ముస్లిం పేదలను ఊచకోత కోశాయి. ఎవరి మృతులను వారు లెక్కపెట్టుకున్నారు. ఎదుటివారి మృతులను ఎవరూ లెక్కపెట్టలేదు. తన గాయాన్ని మాత్రమే గుర్తుంచుకునే జ్ఞాపకం కత్తి నూరుకోవడానికే పనికొస్తుంది.

హేబెలును చంపిన కయీనును దేవుడు అడిగిన మొదటి ప్రశ్న 'నీ తమ్ముడెక్కడ?' అని. కయీను తనకు తెలియదన్నాడు. పాపం చేసినవాని మొదటి మాట అదే. సినిమాలో ఒక మిత్రుడు ఫోల్మన్‌కు ఒక ప్రయోగం గురించి చెబుతాడు. కొందరి చిన్ననాటి ఫోటోలను వారెన్నడూ చూడని తిరునాళ్ళ ఫోటోలో అతికించి చూపిస్తే, చాలామంది 'అవును, అక్కడికి వెళ్ళాను, గుర్తుంది' అన్నారట. మన మనసు అంత నేర్పుగల చిత్రకారుడు. చూడలేని దానిమీద చూడదగిన బొమ్మ గీసేస్తుంది. ఫోల్మన్ మనసు శవాలమీద సముద్రాన్ని గీసింది.

కొందరు అడుగుతారు: "ఫాదర్‌గారూ, మన పాపాలను ఇక జ్ఞాపకం చేసుకోనని దేవుడే యిర్మీయా ప్రవక్తతో పలికించాడు గదా, మరి మనమెందుకు తవ్వుకోవడం?" మంచి ప్రశ్నే. మరచిపోవడం క్షమించేవాడు ఇచ్చే వరం, తప్పు చేసినవాడు తీసుకునే హక్కు కాదు. గాయపరచినవాడు గాయపడినవానితో 'ఇక మరచిపో' అనడం క్షమాపణ కాదు, రెండో గాయం. 1991లో లెబనాన్ ప్రభుత్వం అంతర్యుద్ధ నేరాలకు క్షమాభిక్ష చట్టం చేసింది. చట్టం శిక్షను రద్దు చేయగలదు. పాపసంకీర్తనంలో అలా కాదు. అక్కడ పాపాన్ని పేరు పెట్టి చెప్పాలి. పేరు చెప్పిన తర్వాతే పాపవిమోచనం.

పేతురును చూడండి. కోడి కూసింది. ప్రభువు వెనుదిరిగి అతనివైపు చూచారు. పేతురుకు ఆ మాట జ్ఞాపకమొచ్చింది, వెలుపలికి పోయి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ జ్ఞాపకం శిక్ష కాదు, కృప. అది రాకపోతే ఆ కన్నీళ్ళు లేవు. రెండవ జాన్ పాల్ జగద్గురువులు 2000 మార్చి 12న, తపస్సుకాలపు మొదటి ఆదివారం నాడు, శ్రీసభ బిడ్డలు చరిత్రలో చేసిన పాపాలకు లోకం ఎదుట దేవుని క్షమాపణ వేడుకున్నది ఇందుకే. దానిని ఆయన జ్ఞాపకశక్తిని శుద్ధి చేసుకోవడం అన్నారు. శుద్ధి చేయడమంటే తుడిచేయడం కాదు.

ఇక ఆ వెలుగు సంగతి. సినిమాలో ఒక పాత్రికేయుడు చెబుతాడు: శిబిరాలలో చంపుతున్నారని విని రాత్రివేళ రక్షణమంత్రి షరోన్‌కు ఫోను చేస్తే, ఆయన విని, కొత్త సంవత్సర శుభాకాంక్షలు చెప్పి పెట్టేశారట. 1983 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్ విచారణ సంఘమే షరోన్ వ్యక్తిగతంగా బాధ్యుడని తేల్చింది. ఆయన రక్షణమంత్రి పదవి వదులుకోవలసి వచ్చింది. ప్రతి పూజలో మనం చేసిన పాపాలకే గాక, చేయవలసి ఉండి చేయని వాటికి కూడా రొమ్ము కొట్టుకుంటాం. పక్కింటి ఆయన భార్యను కొడుతుంటే టీ.వీ. శబ్దం పెంచుకున్న రాత్రి మనకు గుర్తుందా? ఒకే పీఠం దగ్గర సత్ప్రసాదం అందుకొని, గుడి బయట కులం చూసుకున్న రోజు? అమ్మ చావుకు వచ్చిన తమ్మునితో మాట్లాడకుండా తల తిప్పుకున్న క్షణం? మనం కొట్టలేదు, తిట్టలేదు. వెలుగు మాత్రం పట్టాం.

సినిమా చివర్లో బొమ్మలు ఆగిపోతాయి. ఉన్నట్టుండి నిజమైన వీడియో వస్తుంది. శిబిరంలో ఏడుస్తున్న ఆడవాళ్ళు, గోడల పక్కన శవాలు. ఇక గీసిన బొమ్మల చాటున దాక్కునే వీలు లేదు. తమ్ముని రక్తం నేలలోంచి మొరపెట్టడమంటే ఇదే.

మన పూజ కూడా జ్ఞాపకమే. తన జ్ఞాపకార్థం చేయమని ప్రభువు అప్పగించినది, అన్యాయంగా చంపబడిన ఒక నిర్దోషి జ్ఞాపకం. దానిని ప్రతి ఆదివారం చేసుకుంటూ ఇతర నిర్దోషులను మరచిపోవడం కుదరదు. కనుక ఈ వారం ఒక రాత్రి కుటుంబ జపమాల అయ్యాక ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. 'నా తమ్ముడెక్కడ?' అని ఎవరికి వారు అడుగుకోండి. గుర్తుకొచ్చిన పేరును పాపసంకీర్తనానికి తీసుకెళ్ళండి. ఆ మనిషి బ్రతికి ఉంటే, తర్వాత ఆ ఇంటికీ వెళ్ళండి.

ప్రభూ, పేతురువైపు చూచినట్లు మా వైపు చూడండి. మేము మరచిపోయినది మాకు జ్ఞాపకం చేయండి. జ్ఞాపకం వచ్చినప్పుడు పారిపోకుండా మమ్ము నిలబెట్టండి. ఆమెన్.