రంగం రేవు నుంచి గాజువాక దాకా



ఉత్తరాంధ్ర పల్లెల్లో బర్మాలోని రంగూన్‌ని రంగం అంటారు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి విశాఖ, గంజాం జిల్లాల కూలీలు విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల్లో ఓడెక్కి అక్కడికి వెళ్లేవారు. పంట పోయినవారికి, అప్పు తీరనివారికి అదే దారి. కూలీలను కుదిర్చే మేస్త్రి ముందు బయానా ఇచ్చేవాడు, తర్వాత కూలిలో కోసుకునేవాడు. బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోసింది ఎక్కువగా తెలుగువాళ్లే. కోరింగ రేవు పేరు మీద వారిని కోరంగీలనేవారు. 1931 లెక్కల నాటికి బర్మాలో 10 లక్షలకు పైగా భారతీయులున్నారు.

1930 మేలో రంగం రేవు తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యాజమాన్యాలు వారి బదులు బర్మా కూలీలను పెట్టుకుని, సమ్మె తీరగానే ఈ కొత్తవారిని తీసేశాయి. బర్మా కూలీల కోపం యజమానుల మీదికి పోలేదు, పరాయి కూలీల మీదికి మళ్లింది. అలా చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది భారతీయులే.

1941 డిసెంబరు 23న రంగం మీద జపాన్ బాంబులు పడ్డాయి. లక్షలమంది అరకాన్ కొండలు, మణిపూర్ అడవులు దాటి కాలినడకన స్వదేశం దారి పట్టారు. వేలమంది ఆకలికి, కలరాకు దారిలోనే రాలిపోయారు. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలను జాతీయం చేశాక మరికొందరు వచ్చేశారు. కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరు ఆ రాకకు గుర్తు.

ఈలోగా విశాఖే కూలి దొరికే ఊరైంది. 1933లో ఓడరేవు మొదలైంది. 1941లో నౌకా నిర్మాణ కేంద్రానికి, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఉక్కు కోసం భూములిచ్చిన పల్లెల వాళ్లు నిర్వాసితులయ్యారు. శ్రీకాకుళం, ఒడిశా, బీహార్ల నుంచి కూలీలు విశాఖలోని గాజువాక చేరారు. అదే శ్రీకాకుళం మత్స్యకారులు నేటికీ వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ వెళ్తున్నారు.

అంతర్రాష్ట్ర వలస కార్మికుడికి దారి ఖర్చు, వసతి ఇవ్వాలని 1979 నాటి చట్టం చెప్పింది. చట్టం చెప్పనిది మనుషులు పాటించాలి. గాజువాకలో అద్దె గది వెతుక్కునే బీహారీ కుర్రవాడిలో రంగం రేవున దిగిన మన ముత్తాతను చూడగలగాలి. అతని కూలి ఎగ్గొట్టకూడదు, భాషను ఎగతాళి చేయకూడదు, పని కరువైన నాడు తప్పంతా అతని మీదికి నెట్టకూడదు. రంగంలో ముత్తాతకు దక్కని మర్యాద విశాఖలో అతనికి దక్కాలి.