ఆశకూ ఒక లెక్క ఉండాలి

చిరంజీవి కిరణ్‌కు,

అమెరికాలో మీ ఆఫీసులో అందరూ తలా కొంత వేసుకుని పవర్‌బాల్ లాటరీ టికెట్లు కొంటున్నారనీ, జీతం పడ్డప్పుడల్లా నువ్వూ వాటా ఇస్తున్నావనీ రాశావు. మన తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ లాటరీ లేదు కనుక నీకిది కొత్త. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

డ్రాలో 69 తెల్ల బంతుల్లోంచి ఐదు, 26 ఎర్ర బంతుల్లోంచి ఒకటి తీస్తారు. ఆ ఆరూ కలిసే అవకాశం 29,22,01,338లో ఒకటి. రూపాయి బిళ్ళ ఎగరేస్తే వరసగా 28 సార్లు బొమ్మే పడటం ఇంతకన్నా సులువు. 2015 అక్టోబరుకు ముందు ఈ లెక్క పదిహేడున్నర కోట్లలో ఒకటిగా ఉండేది. నిర్వాహకులు బంతుల సంఖ్య మార్చి పెద్ద ప్రైజు తగలడం మరింత కష్టం చేశారు. ఎవరికీ తగలకపోతే సొమ్ము తర్వాతి డ్రాకు చేరుతుంది. అంకె పెరిగేకొద్దీ జనం ఎగబడతారు. నాలుగు నెలలు తిరక్కముందే, 2016 జనవరిలో, ప్రైజు 158 కోట్ల డాలర్లకు చేరింది. నిన్ను ఊరిస్తున్న ఆ అంకె నీలాంటి కోట్లమంది పోగొట్టుకున్న డబ్బే, నాయనా.

ఈ లాటరీల ఆట ఎలా పుట్టిందో కూడా తెలుసుకో. ఇటలీలోని జెనోవాలో పాలకమండలి సభ్యులను చీటీలు తీసి ఎంపిక చేసేవారు. ఎవరి పేరు వస్తుందోనని జనం పందేలు కాసేవారు. పోనుపోను పేర్ల స్థానంలో అంకెలొచ్చాయి. ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి రేవుల మరమ్మతులకని లాటరీ పెట్టింది. 1569లో డ్రా తీశారు. అమెరికాలో 1964లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం బడుల ఖర్చు కోసం మొదలుపెట్టింది. పన్ను వేస్తే గొణిగే జనం లాటరీకి వరసలో నిలబడి మరీ ఇస్తారని ఏలేవాళ్ళకు ఏనాడో తెలుసు. పన్నయితే ఉన్నవాడి దగ్గర ఎక్కువ తీసుకోవచ్చు. లాటరీకి మాత్రం తన సంపాదనలో ఎక్కువ వంతు పోసేది లేనివాడే. నాకు బాధ కలిగించేది ఇదే.

పండక్కి సరదాగా ఒక టికెట్ కొన్నావంటే కోప్పడను. నెలనెలా కొనడం అలవాటైతే, కష్టపడి చేసే పని మీద నమ్మకం సడలుతుంది. ఈ నెల నుంచి ఆ వాటా నీ చదువు అప్పుకు జమ చెయ్యి. స్నేహితులకు కూడా ఈ లెక్క చెప్పు. వినడం, వినకపోవడం వాళ్ళిష్టం. అప్పు తీరిన రోజున నాకు రాయి. ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ పెదనాన్న